గృహిణి అని రాసిన చోట

ఫోను గుయ్యిమన్నప్పుడు మద్దమ్మ చేతులు రెండూ ద్రాక్షాకుల్లో ఉన్నాయి. ఉప్పునీళ్ళలోంచి ఒక్కో ఆకూ తీసి, ఈనె పైకి వచ్చేలా పళ్ళెంలో పరిచి, చిటికెడు బియ్యపు ముద్ద పెట్టి, రెండు పక్కలా మడిచి, చూపుడువేలంత సన్నగా చుట్టాలి. సాయంత్రానికి నూట యాభై కావాలి. కువైట్ జాబ్రియాలోని ఆ ఇంటికి ప్రతి మంగళవారం ఇంటి యజమానురాలు 'మామా' అక్కచెల్లెళ్ళు వస్తారు. లావుగా చుట్టినవి వాళ్ళకు నచ్చవు.

తొంభై రెండోది చుట్టి గిన్నెలో పేర్చి, చెయ్యి తుడుచుకుని ఫోను చూసింది. సూర్యకిరణ్ నాలుగు ఫొటోలు పంపాడు. కింద ఒక ముక్క: "పెద్దమ్మా, ఈ ఏటి బడిగంట. ఆరు లోపల చూసి చెప్పండి. ఏడుకు ప్రెస్సుకు పోవాల."

ఏటా ఇంతే. ఎక్కడ ఏ పేరు తప్పు పోతుందోనని ఆమె భయం.

బడిగంట నాలుగు పేజీల కాగితం. ఎర్రబావిపేట హైస్కూల్లో చదివి కువైట్‌లో ఉంటున్న వాళ్ళందరి కబుర్లూ అందులో ఉంటాయి. ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరి కొడుకు ఇంజనీరింగులో చేరాడు, ఎవరు కొత్తగా దిగారు. మూడో పేజీ నిండా బ్యాచిల వారీగా పేర్లు, పక్కన చేసే పని. నాలుగో పేజీ గౌరవాలు. చలికాలంలో ఒక శుక్రవారం అబ్బాసియాలో అందరూ కలిసినప్పుడు దాన్ని పంచి, పైకి చదువుతారు. ఒక కాపీ బడికి పంపితే హెడ్మాస్టరు నోటీసు బోర్డుకు అంటిస్తాడు.

టైపు చేసేది సూర్యకిరణ్; ఒక కంపెనీలో అకౌంటెంటు. తప్పులు పట్టేది మద్దమ్మ. ఎనిమిదో తరగతితో బడి మానేసినా, ఊళ్ళో ఏ ఇంటిపేరుకు ఏ పేరు అతుకుతుందో ఆమెకు తెలిసినంతగా డిగ్రీలు చదివిన వాళ్ళకు తెలియదు. చదవడం ఆమె తనంతట తనే పెంచుకుంది. పొట్లాం కాగితం చేతికొచ్చినా నూనె మరక దాకా చదివి గానీ పారెయ్యదు.

కళ్ళజోడు పెట్టుకుని, చిటికెనవేలితో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ చదివింది. ఒక ఆకు చుట్టడం, ఒక వరుస చదవడం. రెండో పేజీలో గంగులయ్య లాండ్రీకి మూడో బ్రాంచి అని ఉంది. నాలుగోది అది. కమిటీలో ఉండే పెంచల్ బ్యాచి ఒక ఏడు ముందుకు జరిగింది. మూడో పేజీలో తన పేరు దగ్గర ఎప్పటిలాగే కన్ను ఆగకుండా దాటిపోయింది. "1981, మద్దమ్మ, గృహిణి." మూడు వరుసల కింద, "1984, షేక్ జైతున్‌బీ, గృహిణి."

అక్కడ ఆగింది.

జైతున్‌బీ ఈ శనివారం పొద్దున విమానంలో వెళ్ళిపోతోంది. సెలవుకు కాదు. ఇఖామా అనే నివాస పత్రం రద్దు చేసుకుని, ఇరవై ఏడేళ్ళ మూట కట్టుకుని, ఇంక రాకుండా. వెళ్ళిపోయిన వాళ్ళ పేర్లు మరుసటి ఏడు బడిగంటలో ఉండవు. బయట వానలో పెట్టిన ముగ్గులా తుడుచుకుపోతాయి. మద్దమ్మ ఇన్నేళ్ళలో ఎవరినీ సాగనంపడానికి ఎయిర్‌పోర్టుకు పోలేదు. పోయేవాళ్ళ వీపు చూడటం ఆమె వల్ల కాదు. కానీ కాగితం మీద పేరు లేకపోవడం మాత్రం ప్రతి ఏడూ ఆమే చూడాలి.

నాలుగో పేజీకి పోయింది. గౌరవాలు ఈసారి నలుగురికి. గంగులయ్య, ఒక సూపర్‌వైజరు, ఆయిల్ కంపెనీ ఫోర్‌మన్, ఒక నర్సు. నర్సు కూడా మగవాడే. జైతున్‌బీ పేరు లేదు. ఆమె పేరు తానే కమిటీకి చెప్పింది, రెండుసార్లు.

సూర్యకిరణ్‌కు ఫోను చేసింది.

"ఏం నాయనా, జైతూన్ పేరు యాడ? నేను నీకు చెప్తి గదా. పోయేటప్పుడైనా ఆ బిడ్డకు ఒక మర్యాద ఒద్దా?"

"పెట్టినా పెద్దమ్మా. ఆదివారం కమిటీలో పెట్టినా. పని చేసే చోట ఏం సాధించినారో చూసి ఇయ్యాలని రూలు గదా. పెంచలన్న మూడో పేజీ చూసి, ఆడోళ్ళలో ఉద్యోగస్తులే ల్యారు గదప్పా, అందురూ గృహిణులే అన్నాడు."

"వానికి తెలీదా? పోయిన ఏడు జైతూన్‌ను పని చేసే ఇంటి నుంచి ఆస్పత్రికి కారులో తోలింది వాడే గదా!"

"తెలుసు పెద్దమ్మా. అందురికీ తెలుసు. కాయితంలో ల్యాదు."

"కాయితంలో రాసింది ఎవురు? నువ్వు గదా! ముప్పై మంది ఆడోళ్ళు ఒళ్ళు హూనం చేసుకుంటా ఉంటే గృహిణి అని రాసి కూచోబెడితివి. నీకు చెయ్యి ఎట్లాడింది నాయనా?"

అవతల కీబోర్డు చప్పుడు ఒక్కటే వినిపించింది.

"పెద్దమ్మా, మీకొక వాయిస్ పంపిస్తా. వినండి. కోపం చేసుకోవద్దు."

వాయిస్ వచ్చింది. మద్దమ్మ నొక్కింది. వంటింట్లో ఆమె గొంతే మోగింది. నాలుగేళ్ళ కిందటిది, కొంచెం పడుచుగా, కొంచెం గొప్పగా.

"నాయనా సూర్యకిరణా, నేను మద్దమ్మను మాట్లాడేది. ఆడోళ్ళ పేర్ల పక్కన పనిమనిషి అనీ, ఖద్దామా అనీ రాయొద్దు. ఆ కాయితం బడి నోటీసు బోర్డుకు పోతాది. పిల్లోళ్ళు సూస్తారు. గృహిణి అని రాయి అందురికీ. గౌరవంగా ఉంటాది."

ఆమె చేతిలోని ఆకు చిరిగిపోయింది.

అప్పుడు మనవరాలు చిట్టి ఐదో తరగతి. ఆరుకు హైస్కూలుకు వస్తుందని, ఆ బోర్డు ముందు నిలబడుతుందని లెక్క వేసుకుని పంపిన మాట అది. చిట్టికి తాను పెద్ద ఇంట్లో 'చూసుకునే అవ్వ'గా ఉన్నానని చెప్పుకుంది. ఏం చూసుకుంటుందో చెప్పలేదు.

"మద్దమ్మా! యల్లా!" హాల్లోంచి మామా తొందరపెట్టింది. ఆకులు ఇంకా ముప్పై దాకా ఉన్నాయి.

ఆరయింది. సూర్యకిరణ్ ఒక ప్రశ్నగుర్తు పంపాడు. మద్దమ్మ గిన్నె అడుగున చుట్టల్ని వలయాలుగా పేరుస్తూ, వాటి మీద పళ్ళెం బోర్లించి బరువు పెడుతూ, ఏం రాయాలో తేల్చుకోలేకపోయింది. గంగులయ్య బ్రాంచి నాలుగోది అని రాసింది. పెంచల్ బ్యాచి సరిచేసింది. "మిగతాది సరే" అని కొట్టింది.

ఏడుకు బడిగంట ప్రెస్సుకు పోయింది.

మరునాడు మధ్యాహ్నం మామా నిద్రపోయే వేళకు, ఇస్త్రీ బల్ల ముందు నిలబడి జైతున్‌బీకి ఫోను చేసింది. స్పీకర్లో పెట్టి, అయ్యగారి తెల్లటి నిలువు చొక్కా, దిష్‌దాషా, కాలరుకు గంజి నీళ్ళు చిలకరిస్తోంది.

అబూ హలీఫాలో ఆ పక్క టేపు చీల్చే చప్పుడు. జైతున్‌బీ అట్టపెట్టెకు టేపు వేస్తోంది.

"ఏం మద్దక్కా, ఈ యాళప్పుడు? అన్నం తింటివా?"

"తింటి. నువ్వేం సర్దుతాండావు?"

"ఏముండాదక్కా సర్దేదానికి. దుప్పట్లు రెండు, టాంగు డబ్బాలు, పిల్లోళ్ళకు చాక్లెట్లు. మామా కబీరా వాడిన వీల్‌చైర్ తీసకపొమ్మన్నారు. మా ఊర్లో దేనికక్కా అది, మెట్లకు ఎక్కిచ్చనా?" అని నవ్వింది. నవ్వు మధ్యలో తెగింది. మామా కబీరా అంటే ఆ ఇంటి ముసలావిడ. పోయిన నెల పోయింది. ఆమె పోయాక ఆ ఇంట్లో జైతున్‌బీకి పని లేకుండా పోయింది.

"జైతూ, నిన్నొకటి అడగల్ల. శుక్రవారం మీటింగులో నీ గురించి చదువుతా. నువ్వేం చేసినావో చెప్పు."

"నేనేం చేసినా?"

"ఆయమ్మను ఎట్ల సూసుకున్నావో చెప్పుమే."

జైతున్‌బీ కాసేపు టేపు చీల్చడం ఆపింది. మాటలు మెల్లగా, పని గుర్తొచ్చినప్పుడు చేతులు కదిలినట్టుగా వచ్చాయి. రెండు గంటలకొకసారి పక్క మార్చడం. ఎడమ పక్క, వెల్లకిలా, కుడి పక్క. మోకాళ్ళ మధ్య ఒక దిండు, మడమల కింద ఒక మెత్త, మడమ పరుపుకు తగలకుండా. తుడిచాక రుద్దకూడదు, అద్దాలి. దుప్పటి మడత ఒక్కటి నలిగినా చర్మం కందుతుంది. నడుం కింద, భుజం ఎముక దగ్గర, చెవి వెనక, ప్రతి పొద్దూ వేలితో నొక్కి చూడాలి. ఎర్రగా అయిన చోటు నొక్కి వేలు తీస్తే తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే పరవాలేదు. తెల్లబడకపోతే ప్రమాదం.

"పదకొండేళ్ళక్కా. ఒక్క పుండు పడనీలే. ఆస్పత్రి నుంచి నర్సమ్మ వచ్చి ఆయమ్మను తిరగేసి, మళ్ళా తిరగేసి చూసింది. ఎవురు చూస్తాండారు ఈమెను అని అడిగింది. మా మామా 'మేమే' అనింది."

"నువ్వు యాడుంటివి?"

"ఆడనే. బేసిన్ పట్టుకోని నిలబడి ఉంటి."

ఇస్త్రీ పెట్టె కింద ఆవిరి బుస్సుమంది. మద్దమ్మ పెట్టెను పక్కన నిలబెట్టింది.

"ఇదే రాస్తా. గృహిణి కొట్టేసి, ఇంటిపని అని రాసి, పదకొండేళ్ళలో ఒక్క పుండు పడనీలేదని రాస్తా."

"రాస్తావు," అంది జైతున్‌బీ. గొంతు మారింది. "నాది రాస్తావు. నీది?"

మద్దమ్మ కాలరు మీద మళ్ళీ నీళ్ళు చిలకరించింది.

"నేను పోయేదాన్ని గదా, నాకేం సిగ్గు అని రాస్తాండావా? రేపు పోయినాక ఊర్లో ఆ బోర్డు ముందు నడిచేది నేనే అక్కా. నీ పేరు పక్కన గృహిణి ఉండాల, నా పేరు పక్కన పనిమనిషి ఉండాల. నువ్వు మంచం మీద కూచో, నేను కింద నిలబడతా. అంతేనా?"

"అట్ల కాదు జైతూ..."

"ఎట్ల మరి? నీది రాయి, నాది రాయి. ల్యాకుంటే ఇద్దురం గృహిణులమే. పదకొండేళ్ళు ఎవురూ చెప్పలే, ఇప్పుడు చెప్పకపోతే ఏం తక్కువ? నా పెట్టె కట్టాల, ఉంటా." టేపు చరచరా చిరిగింది. ఫోను ఆగింది.

దిష్‌దాషా భుజం మీద ఆవిరి మచ్చ ఒకటి పడింది. మద్దమ్మ దాన్ని తడిగుడ్డతో అద్ది, మళ్ళీ మొదటినుంచి ఇస్త్రీ చేసింది.

గురువారం పొద్దున్నే సూర్యకిరణ్ ప్రెస్సు నుంచి ఫొటో పంపాడు. నూట ఇరవై కాపీలు, కట్టలు కట్టి, సిరా వాసన ఫోనులోంచే వస్తున్నట్టుగా. "చాలా బాగా వచ్చినాయి పెద్దమ్మా," అని రాశాడు.

మద్దమ్మ ఉల్లిపాయల గంప ముందేసుకుని పీట మీద కూచుంది. మూడో పేజీ ఫొటో తెరిచి, గృహిణి అని ఉన్న పేర్లు లెక్కపెట్టింది. ముప్పై నాలుగు. అందులో ముగ్గురు నిజంగానే గృహిణులు. మొగుళ్ళతో ఫ్యామిలీ వీసా మీద అబ్బాసియా ఫ్లాట్లలో ఉంటారు. మిగిలింది ముప్పై ఒకరు. తనూ జైతున్‌బీ పోగా ఇరవై తొమ్మిది.

ఒక్కొక్కరికీ చెయ్యడం మొదలుపెట్టింది. ఉల్లిపాయల వల్ల కళ్ళు ఎటూ కారుతూనే ఉన్నాయి, అది ఒకందుకు మంచిదయింది.

"పేరు పక్కన ఇంటిపని అని చేత్తో రాస్తాము. నాది మొదులు రాస్తాండా. నీది రాయొచ్చునా, వొద్దా? వొద్దంటే వొద్దు, నేనేమనుకోను." అందరికీ ఇదే మాట.

గంగాదేవి ఎవరో పిల్లవాడికి స్నానం చేయిస్తూ ఎత్తింది. "రాయక్కా! ఇంటిపని అంటే ఒట్టి ఇంటిపని అనొద్దు. ముగ్గురు కవలపిల్లోళ్ళను పెంచినా, ముగ్గురూ నాకు పుట్టినట్టే ఏడుస్తారు, అది గూడా రాయి," అంది. ఇంకొకామె, "మేము వంట మాస్టర్లం, మా మామా ఎవురింటికి పోయినా నా మచ్బూస్ అన్నం పట్టకపోతాది," అంది. ముబీనా మాత్రం గొంతు తగ్గించింది. "వద్దక్కా. మా ఆయన ఊర్లో నేను స్కూల్లో ఆయాగా చేస్తాండా అని చెప్పుకున్నాడు. నా మాట కాదు, ఆయన మాట పోతాది. నాది అట్లనే ఉండనీ." మద్దమ్మ సరే తల్లీ అంది. ఆ మాట అనడానికి ఆమెకు కష్టం కాలేదు. నాలుగేళ్ళు తనూ అలాగే ఉంది.

పప్పు పొయ్యి మీద పెట్టేటప్పటికి పద్దెనిమిది మంది రాయమన్నారు. ఏడుగురు వద్దన్నారు. నలుగురు ఫోను ఎత్తలేదు. వాళ్ళవి అలాగే ఉంచాలి.

ఇంక ఒక్క ఫోను మిగిలింది. చిట్టికి. బడి వదిలే వేళయింది ఊళ్ళో. పేరు మీద వేలు పెట్టింది, తీసింది. పప్పు పొంగింది. తగ్గించి వచ్చి మళ్ళీ వేలు పెట్టింది. ఏమని చెప్పాలి? అవ్వ అంట్లు తోముతుంది, బాత్రూములు కడుగుతుంది, ఇరవై మూడేళ్ళుగా. ఆ మాట తొమ్మిదో తరగతి పిల్ల స్నేహితురాళ్ళ ముందు చదవాలి.

ఫోను పక్కన పెట్టేసింది. మామా వంటింట్లోకి వచ్చి, గంప నిండా తరిగిన ఉల్లిపాయలు చూసి, "ఇన్నెందుకు మద్దమ్మా, పెళ్ళా?" అని అరబీలో అడిగింది.

"రేపు నాకు సెలవు కావాల మామా. పొద్దున్నుంచి. ఇవి వేయించి పెట్టి పోతా."

"పొద్దున్నుంచా? మధ్యాహ్నం గదా ఎప్పుడూ."

"రేపు బడి," అంది మద్దమ్మ.

శుక్రవారం అబ్బాసియాలో హోటలు పైనున్న హాల్లో కుర్చీలు వేస్తున్నప్పటికే పెంచల్ ఇనుప ముక్కను కిటికీ ఊచకు వేలాడదీశాడు. ఊళ్ళో హైస్కూలు గంట ఒక రైలుపట్టా ముక్క. ఇక్కడ ఎక్కడో కట్టడం దగ్గర దొరికిన పైపు ముక్కను వీళ్ళు గంటగా చేసుకున్నారు. పేరు చదివినప్పుడల్లా ఒక దెబ్బ. పేరున్న వాళ్ళు లేచి చేతులు కట్టుకుని నిలబడాలి, ప్రార్థనలో నిలబడ్డట్టు. గౌరవం వచ్చిన వాళ్ళకు మూడు దెబ్బలు. కొట్టే హక్కు పెంచల్‌ది. బడిలో కూడా ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో గంట కొట్టింది తనే అని చెప్పుకుంటాడు. పదిలో రెండుసార్లు.

ఆడవాళ్ళు ముందుగానే వచ్చారు. గోడ వారగా రెండు పొడుగు బల్లలు కలిపి, నూట ఇరవై కాపీలు పేర్చుకుని కూచున్నారు. ఒకరు తన పేరు పక్కన గృహిణి మీద గీత గీసి, తన పని తన చేత్తో రాసి, పక్కామెకు జరుపుతోంది. కాపీ అలా చేతులు మారుతూ బల్ల చివరికి పోతోంది. కొందరికి రాత అలవాటు తప్పింది. నాలుక పంటి కింద పెట్టుకుని, ఒక్కో అక్షరానికి ఊపిరి బిగబట్టి రాస్తున్నారు. ఇరవై కాపీలయ్యేసరికి వేళ్ళు తిరిగాయి, మాటలు మొదలయ్యాయి.

"ఏమ్మే గంగాదేవీ, నీ గీత నా పేరు మీదికి వస్తాండాది. నా మీద పడకు."

"నీ పేరు చిన్నదిలే. ఉన్నట్టే ల్యాదు."

"ముగ్గురు కవలపిల్లలు అని నూట ఇరవై సార్లు రాయల్నంటే తెలుస్తాది నీకు. ఇద్దురు చాలునని అనుకుంటావు."

మద్దమ్మ బల్ల మొదట్లో కూచుంది. మొదటి కాపీ తీసుకున్నది ఆమే. "1981, మద్దమ్మ" పక్కన ఉన్న మాట మీద గీత గీసింది. రాసింది: "ఇంటిపని, వంట. జాబ్రియా. 23 ఏళ్ళు." రాసి చూసుకుంది. కొంపలేమీ మునిగిపోలేదు, కాగితం చిరగలేదు. ఫొటో తీసి, ఆలోచించే వ్యవధి తనకు ఇవ్వకుండా, చిట్టికి పంపింది. ఫోను బోర్లించి పెట్టింది.

జైతున్‌బీ వరుస కూడా ఆమే రాస్తోంది. ఆమె ఇంకా రాలేదు. "నీది రాసినావా?" అని పొద్దున ఒక మెసేజి మాత్రం పెట్టింది. మద్దమ్మ "రాస్తాండా, నువ్వొచ్చి చూడు" అని బదులిచ్చింది.

గంగులయ్య వచ్చాడు. తెల్లటి చొక్కా ఇస్త్రీ మడత చెడకుండా చేతులు దూరంగా పెట్టుకుని నడుస్తాడు. లాండ్రీ యజమాని కదా. ఒక కాపీ తీసి చూసి ముఖం చిట్లించాడు.

"ఇదేంది సూర్యకిరణూ? ప్రింటు కాయితం మీద పెన్ను గీతలు? బడికి పోయే కాయితం ఇది. హెడ్మాస్టరు ఏమనుకుంటాడు, కువైట్ వాళ్ళకు ప్రెస్సు దిక్కు ల్యాదా అని అనుకోడూ?"

సూర్యకిరణ్ మద్దమ్మ వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

"తప్పు నాదన్నా," అంది రాస్తూనే. "నాలుగేండ్ల కిందట అట్ల రాయమని చెప్పింది నేనే. తప్పుంటే బడిలో అయివారు ఏం చేస్తా ఉన్నె? కొట్టేసి పైన రాయమనె గదా. అదే రాస్తాండా."

"మరి మీకే గదమ్మా నామోషీ?"

"ఉన్నింది. నిన్నటి దాకా ఉన్నింది."

గంగులయ్య ఇంకేదో అనబోయి, బల్ల పొడుగునా వంగి ఉన్న తలలు చూసి, కాపీ మడిచి జేబులో పెట్టుకుని ముందు వరుసలో కూచున్నాడు.

పెంచల్ గంట కొట్టాడు. సూర్యకిరణ్ బ్యాచిల వారీగా చదవడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళ పేర్లు మాత్రం మద్దమ్మ చదవాలని అతనే మైకు ఇచ్చాడు.

మద్దమ్మ ఇంతవరకూ మైకు పట్టుకోలేదు. తన ఊపిరి హాలంతా వినపడుతుంటే భయం వేసింది. కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

"ఎనభై ఒకటి. మద్దమ్మ." గొంతు సర్దుకుంది. "ఇంటిపని, వంట. జాబ్రియా. ఇరవై మూడేళ్ళు."

లేచి చేతులు కట్టుకోవాల్సింది తనే, చదువుతున్నదీ తనే. మైకు ఒక చేత్తో, కాగితం ఒక చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. పెంచల్ కడ్డీ ఎత్తి, ఒక క్షణం ఆగి, కొట్టాడు. ఠంగ్.

అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. నల్ల అబాయా, చేతిలో ప్లాస్టిక్ సంచి. జైతున్‌బీ. పోయే ముందు ఆ ఇంటివాళ్ళు బలవంతంగా అన్నం పెట్టి పంపినట్టున్నారు, సంచిలోంచి యాలకుల వాసన వస్తోంది. చివరి కుర్చీలో కూచుని, పక్కామె కాపీలోకి తొంగిచూసింది. మద్దమ్మ పేరు పక్కన చూసింది. తల ఎత్తి మద్దమ్మను చూసింది.

"ఎనభై నాలుగు," అంది మద్దమ్మ. "షేక్ జైతున్‌బీ. ఇంటిపని. అబూ హలీఫా. ఇరవై ఏడేళ్ళు. మంచంలో ఉన్న ముసలామెను పదకొండేళ్ళు, ఒంటి మీద ఒక్క పుండు పడకుండా చూసుకునింది."

గంట మోగలేదు. జైతున్‌బీ లేవలేదు. వెనక వరుసల్లో తలలు తిరిగాయి. సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని పిడి రెండు చేతులతో మెలిపెడుతూ ఆమె అలాగే కూచుంది. మద్దమ్మ మైకు కిందికి దించింది. తప్పు చేశానా? ఆ మనిషి పోతూ పోతూ నన్ను తిట్టుకుంటూ పోతుందా?

కుర్చీ కర్రుమంది. జైతున్‌బీ లేచింది. చేతులు కట్టుకోలేదు.

"పదకొండేళ్ళు కాదు," అంది. ఆమెకు మైకు లేకపోయినా హాలు చివరిదాకా వినపడింది. "పదకొండేళ్ళ నాలుగు నెలలు."

ముందు ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వులో గంగాదేవి చప్పట్లు మొదలుపెట్టింది. పెంచల్ కిటికీ దగ్గర కడ్డీ చేత పట్టుకుని, ఆస్పత్రికి తోలిన రోజు గుర్తొచ్చిందో ఏమో, సూర్యకిరణ్ వైపు గానీ గంగులయ్య వైపు గానీ చూడకుండా కొట్టాడు. ఒకటి. రెండు. ఆపి, ఇంకొకటి. మూడో దెబ్బ పైపు ముక్కలో చాలాసేపు గుయ్యిమంటూ ఉండిపోయింది.

జైతున్‌బీ అప్పుడు చేతులు కట్టుకుంది.

మిగతా ఆడవాళ్ళ పేర్లూ చదివి, మద్దమ్మ మైకు సూర్యకిరణ్‌కు ఇచ్చేసి బల్ల దగ్గరికి వచ్చింది. ఫోను తిప్పి చూసింది. చిట్టి నుంచి రెండు మెసేజీలు. "అవ్వా మాకు ఎప్పుడో తెలుసు. నీకే చెప్పలే." దాని కింద, "నీ రాత బాగుండాది. బోర్డుకు పెట్టేటప్పుడు నేనే అంటిస్తా."

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఉల్లిపాయలు లేవు ఇక్కడ. పెన్ను తీసుకుంది.

కాపీలన్నీ జనం చేతుల్లో ఉన్నాయి. మొదటి వరుస మొదటి కుర్చీ నుంచి మొదలుపెట్టింది. గంగులయ్య జేబులోంచి తన కాపీ తీసి, మడత విప్పి, మోకాలి మీద సాపు చేసి ముందుకు పట్టాడు.

"యాడ రాయాలమ్మా, నాలుగు నెలలు?"

"ఇదో, పదకొండేళ్ళు అని ఉండాది సూడు. దాని పక్కన," అంది మద్దమ్మ, వంగి రాస్తూ.

వెనకనుంచి జైతున్‌బీ వచ్చి ఆమె భుజం మీదుగా చూసింది. "రేపు ఎయిర్‌పోర్టుకు వస్తావా మద్దక్కా?" అని అడిగింది. ఎప్పుడూ అడగని మాట.

మద్దమ్మ 'నెలలు' పూర్తి చేసి, పెన్ను ఎత్తకుండానే, "ఏ టైముకు?" అంది.